మంచం ఎక్కని వైద్యానికి డబ్బు ఎవరిస్తారు?

మా చెల్లెలు కొడుకును చంకనేసుకుని ఆరోగ్యశ్రీ కౌంటరు ముందు మొదటిసారి నిలబడేనాటికి బాబుకు పద్నాలుగు నెలలు. నెలలు నిండకుండా పుట్టాడు. మెడ ఆలస్యంగా నిలిచింది. పట్టుకోకుండా కూర్చోలేడు, ఎత్తుకుంటే కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి. పరీక్షించిన డాక్టరు సెరిబ్రల్ పాల్సీ, అంటే పసితనంలోనే మెదడు దెబ్బతిని కండరాల కదలిక అదుపు తప్పే సమస్య, లక్షణాలు కనిపిస్తున్నాయని చెప్పి, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ చేయించమని రాసిచ్చారు. చెల్లెలి చేతిలో ఆహార భద్రత కార్డు ఉంది. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటరు చూసుకునే ఆరోగ్యమిత్ర చీటీ చదివి, మర్యాదగానే చెప్పింది: "ఇది అడ్మిషన్ కేసు కాదమ్మా. ఆపరేషన్ ఏదైనా రాస్తే అప్పుడు కార్డు పనిచేస్తుంది."

ఆమె మాటలో తప్పు లేదు. పథకం ఎలా ఉందో అలాగే చెప్పింది. ఆ పథకం అలా ఎందుకు ఉందో తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలాకాలం పట్టింది. వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి చుట్టుపక్కల ఇలాంటి చీటీ పట్టుకుని తిరుగుతున్న తల్లిదండ్రులకు ఆ శ్రమ కొంతైనా తగ్గాలని ఇది రాస్తున్నాను.

ముందుగా, తొందర ఎందుకో చెప్పాలి. పుట్టిన తర్వాత మొదటి మూడేళ్లలో మెదడు పెరిగినంత వేగంగా ఆ తర్వాత ఎప్పుడూ పెరగదు. ఒక దారి దెబ్బతిన్నా మరో దారి వెతుక్కునే శక్తి దానికి అప్పుడే ఎక్కువ. వినికిడి లోపం ఉన్న బిడ్డ విషయంలో వైద్యులు ఒకటి, మూడు, ఆరు అని గుర్తుపెట్టుకోమంటారు. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలుకావాలి. ఆ లెక్క తప్పితే చెవితో పాటు మాట కూడా వెనకబడుతుంది. సెరిబ్రల్ పాల్సీలో బిగుసుకున్న కండరాన్ని రోజూ సాగదీయకపోతే అది కురచబడి కీలును వంకర చేస్తుంది. అప్పుడు ఆపరేషన్ అవసరమవుతుంది, అప్పుడు ఆరోగ్యశ్రీ కార్డు పనిచేస్తుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసిన సంగతి ఇదే. ఆపరేషన్ దాకా రాకుండా కాపాడే వైద్యానికి చెల్లని కార్డు, ఆ వైద్యం అందక చెడిపోయిన కాలికి చెల్లుతుంది.

ఈ పరిస్థితి ఎవరి దుర్మార్గం వల్లా వచ్చింది కాదు. ఆరోగ్యశ్రీ పుట్టుకలోనే దాని మూలం ఉంది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల్లో మొదలైనప్పుడు దాని ఉద్దేశం ఒక్కటే. గుండె ఆపరేషనో కేన్సరో వచ్చిపడితే పేద కుటుంబం పొలం అమ్ముకోకూడదు. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద ఖర్చును అందరూ కలిసి మోయడమే బీమా. తొలినాళ్లలో ప్రభుత్వం ఒక ప్రైవేటు బీమా కంపెనీకి ప్రీమియం కట్టేది. తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టే ఆసుపత్రుల బిల్లులు నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది. అందువల్ల వాడుకలో బీమా అంటున్నా, ఇప్పుడు ఇది రాష్ట్ర బడ్జెట్ నుంచి ఆసుపత్రికి వెళ్లే సొమ్ము. ప్రతి చికిత్సకూ ఒక ప్యాకేజీ, దానికో ధర ఉంటాయి. ట్రస్టు ముందుగా అనుమతి ఇస్తుంది, పని పూర్తయ్యాక ఆసుపత్రి బిల్లు పెడుతుంది. బకాయిలు పేరుకుపోయి ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని హెచ్చరించిన సందర్భాలూ ఉన్నాయి. కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ 2018లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలతో వచ్చింది, 2021లో తెలంగాణ అందులో చేరింది. దాని నడకా ఇదే. ఆసుపత్రిలో చేరితే వర్తిస్తుంది, ఓపీకి వర్తించదు.

2023 డిసెంబర్ 9న రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. సరిగ్గా అదే రోజు మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. మా ఇంట్లో ఆ రెండు పథకాలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. 10 లక్షల్లో ఒక్క రూపాయి కూడా బాబు ఫిజియోథెరపీకి అందలేదు. ఉచిత బస్సు మాత్రం వారానికి రెండుసార్లు అందింది. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ దారిలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని వచ్చే తల్లికి థెరపీ ఖర్చులో మొదట కనిపించేది డాక్టరు ఫీజు కాదు, బస్సు టికెట్టు, పోయిన రోజు కూలి. రవాణా శాఖ చేపట్టిన పని ఒకటి ఆరోగ్య శాఖ పెద్ద పథకం కంటే ఈ పిల్లలకు దగ్గరగా వచ్చింది. డబ్బు ఎంత ఉందన్నదానికంటే ఏ రూపంలో వస్తుందన్నది ముఖ్యమని నాకు అర్థమైంది అక్కడే.

ఒక లెక్క వేద్దాం. ఒక్కో సిట్టింగ్‌కు 400 రూపాయలు అనుకుందాం. వారానికి రెండు చొప్పున ఏడాదికి సుమారు నూరు సిట్టింగ్‌లు, అంటే 40,000 రూపాయలు. మూడేళ్లకు లక్షా 20 వేలు. దానికి స్పీచ్ థెరపీ తోడైతే రెట్టింపు. ఏ ఒక్క రోజు చూసినా చిన్న ఖర్చే. ఏ రోజూ అది బీమా భాషలో 'విపత్తు' కాదు. కానీ రోజు కూలీ మీద బతికే ఇంటిని కుదేలు చేయడానికి అది చాలు. చాలా ఇళ్లలో జరిగేది ఏమిటంటే, ఆరు నెలలు తిప్పుతారు, పత్తి ఏరే కాలం వస్తుంది, మానేస్తారు. దాన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యం అనే డాక్టర్లను చూశాను. ఆ మాట అన్యాయం.

మరి ఈ చిన్న చిన్న ఖర్చులను పథకంలో ఎందుకు చేర్చరు? అధికారుల వైపు నుంచి వినిపించే కారణం దొంగ బిల్లుల భయం. అది ఉత్తుత్తి భయం కాదు. రోగి ఆసుపత్రిలో చేరితే మంచం ఉంటుంది, ఫొటో ఉంటుంది, ఎక్స్‌రే ఉంటుంది, కుట్టు ఉంటుంది. మంచం ఒక సాక్ష్యం. ఒక గదిలో చాప మీద నలభై నిమిషాలు బిడ్డ కాళ్లు సాగదీశారనడానికి సాక్ష్యం ఏది? రానివాళ్ల పేరు మీద వంద సిట్టింగ్‌లు రాసుకుంటే పట్టుకునేది ఎవరు?

కానీ ఈ ప్రశ్నకు జవాబు ఆరోగ్యశ్రీ లోపలే ఉంది. డయాలసిస్ చూడండి. వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ల తరబడి సాగుతుంది. రోగి పొద్దున వచ్చి మధ్యాహ్నం ఇంటికి వెళ్తాడు. అయినా పథకం డబ్బు ఇస్తోంది, ఎవరు ఎన్నిసార్లు వచ్చారో లెక్క తేల్చుకుంటోంది. కీమోథెరపీ కూడా అంతే. పుట్టుచెవుడు ఉన్న చిన్నపిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లోపల పరికరం అమర్చినంత మాత్రాన బిడ్డకు మాట రాదని, వినడం నేర్పే శిక్షణ నెలల తరబడి కావాలని ఆ ప్యాకేజీని రాసినవాళ్లు గుర్తించారు. ఆపరేషన్‌తో పాటు ఆ శిక్షణకూ డబ్బు కేటాయించారు. అంటే థెరపీకి డబ్బు ఇవ్వకూడదన్న నియమం ఏదీ లేదు. థెరపీ ఆపరేషన్ వెనక నడిచి వస్తే లోపలికి రానిస్తారు, ఒంటరిగా వస్తే గుమ్మం దగ్గరే ఆపుతారు.

వంకర పాదాలతో పుట్టే పిల్లల సంగతీ చెప్పాలి. పోన్సెటి పద్ధతిలో వారం వారం పిండికట్టు మారుస్తూ ఆరేడు వారాల్లో పాదాన్ని సరిచేస్తారు. చాలామందికి మడమ దగ్గర చిన్న కోత అవసరమవుతుంది. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. ప్రత్యేకమైన బూట్ల జతను మొదటి మూడు నెలలూ దాదాపు రోజంతా, ఆ తర్వాత నాలుగేళ్ల వయసు వచ్చేదాకా రాత్రిళ్లు తొడగాలి. పాదం పెరిగినప్పుడల్లా బూటు మార్చాలి. మానేస్తే పాదం మళ్లీ వంకర తిరుగుతుంది. కోత ఒక్క రోజు పని, బూట్లు నాలుగేళ్ల పని. ప్యాకేజీ అనే పద్ధతికి మొదటిది బాగా కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

ఇక ఆరోగ్యశ్రీ పక్కన పెట్టి, మిగతా సంచుల్లో ఏముందో చూద్దాం. సంచి అన్న మాట కావాలనే వాడుతున్నాను. ఒకే బిడ్డ కోసం వేర్వేరు శాఖలు వేర్వేరు సంచుల్లో డబ్బు పెట్టాయి. ఒక సంచి పట్టుకున్నవాళ్లకు పక్క సంచి సంగతి తెలియదు.

వాటిలో అతి ముఖ్యమైనది రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అందరూ ఆర్‌బీఎస్‌కే అంటారు. 2013 ఫిబ్రవరిలో మొదలైంది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద నడుస్తుంది, ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగు విభాగాల్లో 30 రకాల సమస్యలను పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు వెతికి పట్టుకోవడం దీని పని. ఆయుష్ డాక్టర్లు, ఏఎన్‌ఎం, ఫార్మసిస్టు ఉండే సంచార బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. అనుమానం ఉన్న బిడ్డను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి-మాట నిపుణులు, సైకాలజిస్టు, కంటి పరీక్షకులు, ప్రత్యేక విద్యా బోధకులు ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆలోచన. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకొకటి ఊహించలేను.

ఇక్కడ డబ్బు స్వభావం పూర్తిగా వేరు. ఆరోగ్యశ్రీ సొమ్ము రోగి వెంట నడుస్తుంది, ఏ ఆసుపత్రికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. డీఈఐసీ సొమ్ము జీతాల రూపంలో ఒక భవనంలో ఉంటుంది. ఆ భవనంలో స్పీచ్ థెరపిస్టు పోస్టు ఖాళీగా ఉంటే ఆ సేవకు ఉన్న డబ్బంతా తల్లికి అందకుండా పోతుంది. పక్క వీధిలో ప్రైవేటు థెరపిస్టు ఉన్నా ఆ డబ్బు అక్కడికి నడవలేదు. ఈ ఉద్యోగాలు ఎక్కువగా ఒప్పంద పద్ధతిలో ఉంటాయి, మంచి అవకాశం రాగానే నిపుణులు వెళ్లిపోతారు. జీతాల డబ్బుకు ఒక గొప్ప గుణం కూడా ఉంది. అక్కడ ఎవరూ బిల్లు అడగరు, వికలాంగ ధ్రువపత్రం అడగరు. అంగన్‌వాడీ టీచరు అనుమానం చాలు. అందుకే రెండూ కావాలంటాను. పెద్ద పట్టణంలో రోగి వెంట నడిచే డబ్బు పనిచేస్తుంది. తాడ్వాయి, మంగపేట లాంటి చోట్ల ఆ డబ్బు తీసుకునే థెరపిస్టే ఉండడు కాబట్టి, జీతం ఇచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టక తప్పదు.

మూడో సంచి విద్యాశాఖది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ బోధకులు ఉంటారు, ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వచ్చి వెళ్తారు. ఇవి ప్రధానంగా బడి ఈడు పిల్లల కోసం ఏర్పడ్డాయి. అయినా ఆసుపత్రి చీటీ రాసే డాక్టర్లలో ఒక్కరూ మా చెల్లెలికి భవిత కేంద్రం పేరు చెప్పలేదు. పక్క ఊరి తల్లి చెప్పింది. మా మండల కేంద్రంలో అది ఉందని తెలిసేనాటికి బాబుకు రెండేళ్లు దాటాయి.

నాలుగోది నిరామయ. 1999 నాటి చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు దీన్ని నడుపుతుంది. నాకు తెలిసినంతలో, మంచంతో పని లేకుండా థెరపీకి డబ్బు ఇచ్చే ప్రభుత్వ బీమా ఇదొక్కటే అన్నంత అరుదైనది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ముందుగా వైద్య పరీక్షలు ఉండవు, అప్పటికే ఉన్న సమస్య అని తిప్పి పంపడం ఉండదు, వయసు పరిమితి లేదు. ఓపీ ఖర్చులు, మందులు, పరీక్షలు, నిరంతర థెరపీ, కొంత ప్రయాణ ఖర్చు కూడా ఇందులో వస్తాయి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబం చేరడానికి 250 రూపాయలు, ఏటా కొనసాగించడానికి 50 రూపాయలు కడితే చాలు. మిగతావారికి 500, 250.

అయితే దీనికీ పరిమితులున్నాయి. లక్ష రూపాయలను విభాగాలుగా పంచారు, అందులో థెరపీకి దక్కే వాటా పైన నేను వేసిన లెక్కకు చాలదు. డబ్బు ముందు మనం పెట్టి, బిల్లులు పంపి, తర్వాత తిరిగి తీసుకోవాలి. చేతిలో డబ్బు లేకనే కదా బీమా కావలసింది! చెవుడు మాత్రమే ఉన్న బిడ్డకు, చూపు లోపం మాత్రమే ఉన్న బిడ్డకు ఇందులో చోటు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, వైకల్య ధ్రువపత్రం కావాలి.

ఆ ధ్రువపత్రం దగ్గర కాలం మనకు అడ్డు నిలుస్తుంది. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మేధో వైకల్యం అంచనాకు కనీస వయసు ఏడాది. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 'మొత్తం ఎదుగుదలలో జాప్యం' అని మాత్రమే రాస్తారు. దీనికి శాస్త్రీయ కారణం ఉంది. పసివాళ్లు మారతారు, తొందరపడి జీవితాంతపు ముద్ర వేయకూడదు. వైద్యుడిగా ఆలోచిస్తే సరైన జాగ్రత్త. కానీ డబ్బు ఆ ముద్రకు ముడిపడి ఉన్నప్పుడు, ముద్ర పడేదాకా డబ్బు కదలదు. మెదడు ఎక్కువగా స్పందించే ఏళ్లూ, ప్రభుత్వం నిర్ధారణ కోసం ఆగే ఏళ్లూ ఒకటే కావడం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద ముడి. 40 శాతం వైకల్యం తేలితే నెలకు 4,016 రూపాయల పింఛను వస్తుంది. చాలా ఇళ్లలో థెరపీకి నిజంగా అండగా నిలుస్తున్నది ఆ పింఛనే. అదీ ధ్రువపత్రం తర్వాతే.

వీటికి తోడు ఇంటి పెద్ద ఎక్కడ పనిచేస్తున్నాడన్నది ఒకటి. కాజీపేటలో రైల్వే ఉద్యోగి బిడ్డకు రైల్వే ఆసుపత్రి ఉంది. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడి బిడ్డకు కంపెనీ ఆసుపత్రి ఉంది. నెల జీతం 21,000 రూపాయల లోపున్న కార్మికుడికి ఈఎస్ఐ ఉంటే కుటుంబానికి ఓపీ వైద్యం కూడా అందులో ఉంది. జగిత్యాల వైపు గల్ఫ్ వెళ్లినవారి బిడ్డకు ఇంట్లో రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ, లేకపోతే అదీ లేదు. బిడ్డ కాలిలోని బిగువు మాత్రం నాలుగు ఇళ్లలోనూ ఒకటే.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ముఖ్యంగా గ్రామీణ ప్రాంతాల్లో, ఇంటికి దగ్గరలో ఉచిత వైద్యం అందించాలి. దానికి ప్రభుత్వం కుటుంబ ఆదాయ పరిమితి పెట్టుకోవచ్చు. పిల్లలందరినీ ఏడాదికి ఒకసారైనా పరీక్షించాలని అదే సెక్షన్ చెబుతుంది. వేరే ప్రభుత్వ బీమా లేని వికలాంగులకు సమగ్ర బీమా పథకం ఉండాలని 24వ సెక్షన్ చెబుతుంది. అమెరికాలో పేదల వైద్య పథకం మెడికెయిడ్‌కు 1967లో ఒక నిబంధన చేర్చారు. 21 ఏళ్ల లోపు పిల్లలను క్రమం తప్పకుండా పరీక్షించడం, పరీక్షలో తేలిన సమస్యకు అవసరమైన చికిత్స ఖర్చు భరించడం, రెండూ ఒకే బాధ్యత. ఆ దేశపు వైద్య వ్యవస్థలో మనం నేర్చుకోకూడనివి చాలా ఉన్నాయి, కానీ ఈ ఒక్క ముడి గట్టిది. మన దగ్గర వెతికి పట్టుకునే సంచి వేరు, చికిత్సకు డబ్బు ఇచ్చే సంచి వేరు. ఆర్‌బీఎస్‌కే బృందం చీటీ రాయడంతో మొదటి సంచి బాధ్యత తీరిపోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆరోగ్యశ్రీలో ఆరేళ్ల లోపు పిల్లల థెరపీకి ఒక ప్యాకేజీ పెట్టాలి. సిట్టింగ్ లెక్కన కాకుండా మూడు నెలల కోర్సు లెక్కన, డయాలసిస్‌కు పెట్టినట్టే హాజరు నిర్ధారణతో. దానికి వైకల్య ధ్రువపత్రం అడగకూడదు, డీఈఐసీ డాక్టరు చీటీ చాలాలి. మూడు నెలలకోసారి బిడ్డ ఎదుగుదలను కొలిచి, ఆ కొలతను బట్టే తర్వాతి కోర్సుకు అనుమతి ఇవ్వాలి. 2024లో 163 కొత్త చికిత్సలను చేర్చగలిగిన పథకానికి ఇది అసాధ్యమైన పని కాదు.

అది వచ్చేదాకా ఆగకండి. బిడ్డ ఎదుగుదలలో తేడా కనిపించిన రోజే అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు చెప్పి ఆర్‌బీఎస్‌కే చీటీ రాయించుకోండి. డీఈఐసీకి వెళ్లడానికి ధ్రువపత్రం అవసరం లేదు. 2023 నవంబర్‌లో కేంద్రం అంగన్‌వాడీల కోసం దివ్యాంగ బాలల మార్గదర్శకాలు విడుదల చేసింది, అందువల్ల 'మా పని కాదు' అని టీచరు అనకూడదు. మండల కేంద్రంలో భవిత కేంద్రం ఎక్కడుందో, ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. పెద్ద అంచనా కావాలంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థకు వెళ్లవచ్చు. అన్ని రకాల వైకల్యాలకూ కలిపి 2021 జూన్‌లో అక్కడ సత్వర చికిత్స కేంద్రం ప్రారంభించారు. బిడ్డకు ఏడాది నిండాక యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టండి, తాత్కాలిక ధ్రువపత్రమైనా తీసుకోండి. థెరపీకి కట్టిన ప్రతి రూపాయికీ తేదీ, ముద్ర, థెరపిస్టు సంతకం ఉన్న రసీదు అడగండి. మా చెల్లెలు మొదటి ఏడాది రసీదులు తీసుకోలేదు. ఆ డబ్బులో ఒక్క పైసా కూడా వెనక్కి అడగలేకపోయింది.

నిరామయ ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. ఇప్పటికే కార్డు ఉన్నవాళ్లు మార్చి చివరి వారం దాకా ఆగకుండా ముందే రెన్యూవల్ చేయించుకోండి.